టిక్కీలు ముందా, మనుషులు ముందా?

ప్రశ్న: మిర్చి గోడౌన్‌లో సూపర్‌వైజర్ని. గాలివానకు రేకులు పడి టిక్కీలు (మిర్చి బస్తాలు) తడిశాయి, తొడిమలు తీసే ఇద్దరు ఆడకూలీలకు దెబ్బలు తగిలాయి. షావుకారు వస్తూనే "ఎన్ని టిక్కీలు పోయాయి?" అన్నారు. ఆయన దగ్గర చేయబుద్ధి కావడం లేదు. చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ అయితే ఏమనేవాడండీ?
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: ఊహించక్కర్లేదు, అన్నాడు కూడా. కొలువు నుంచి ఇంటికొచ్చేసరికి గుర్రాలశాల కాలిపోయింది. "మనుషులకేమైనా అయిందా?" అని అడిగాడు. గుర్రాల ఊసెత్తలేదు. రెండున్నర వేల ఏళ్ల కిందట గుర్రమంటే మాటలా? మీ కోల్డ్ స్టోరేజీ టిక్కీలకన్నా ఖరీదే. ఉత్తముడు న్యాయం చూస్తాడు, అల్పుడు లాభం చూస్తాడన్నదీ ఆయనే.

అయితే షావుకారుని తూచడానికే ఈ మాటలు వాడకండి. కన్ఫ్యూషియస్ శిష్యుడు జెంగ్‌జి రోజూ తనను తానే మూడు ప్రశ్నలు వేసుకునేవాడు: ఒకరి పని నెత్తినేసుకుని మనసు పెట్టి చేశానా, స్నేహితులతో మాట మీద నిలబడ్డానా, నేర్చుకున్నది ఆచరించానా? మూడింట్లోనూ యజమాని ప్రస్తావనే లేదు చూడండి!

ఉద్యోగం మానకండి. మీరు పోతే ఆ ఆడవాళ్ల తరఫున అడిగేదెవరు? వైద్యం ఖర్చు, పోయిన కూలి కాగితం మీద రాసి, టిక్కీల లెక్కకు పైన పెట్టి ఇవ్వండి. షావుకారు వెంటనే ఇస్తారని నాకైతే నమ్మకం లేదు. వారం చూసి మళ్లీ అడగండి.