సాగే సెన్సర్ చేస్తున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మోకాలు ఎంత వంగిందో చెప్పే పట్టీ కోసం సిలికోన్ రబ్బరులో కార్బన్ బ్లాక్ అనే, కరెంటును మోసే మెత్తని మసిపొడి కలిపి మొదటి నమూనాలు పోశావని తెలిసి ఎంతో సంతోషించాను. గేజ్ ఫ్యాక్టర్‌ను, అంటే పట్టీ సాగిన శాతానికి దాని విద్యుత్ కొలత ఎన్ని రెట్ల శాతం మారుతుందో చెప్పే సంఖ్యను, ఇంకా ఎలా పెంచాలో చెప్పమని అడిగావు. పాలిమర్ ప్రయోగశాలల్లో ముప్పై ఏళ్లు పనిచేసినవాడిగా నేను ముందు చెప్పేది, కొన్ని నెలలపాటు ఆ సంఖ్యను పక్కన పెట్టి, సాగదీసిన పట్టీని వదిలినప్పుడు అది ఏం చేస్తుందో చూడమని.

1938లో అమెరికాలో సిమన్స్, రూజ్ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా రూపొందించిన, సాగుదలను కొలిచే లోహపు గేజ్‌లో ఆ సంఖ్య సుమారు 2 మాత్రమే. అయినా ఆ రకం గేజ్‌లను వంతెనలకూ విమానపు రెక్కలకూ ఇప్పటికీ అతికిస్తున్నారంటే, ఎన్నిసార్లు లాగి వదిలినా మొదటి విలువకే తిరిగి వస్తాయన్న నమ్మకమే కారణం. కొద్ది శాతానికి మించి సాగవు కాబట్టి, వంగినప్పుడు 30 శాతం దాకా సాగే మోకాలి చర్మం మీద అవి పనికిరావు. అందుకే మనం రబ్బరు దగ్గరికి వచ్చాం. 2014లో సియోల్ పరిశోధకులు సాలీడు కాలిలోని చీలికలను ఆదర్శంగా తీసుకుని, పాలిమర్ మీద పరచిన 20 నానోమీటర్ల ప్లాటినం పొరలో పగుళ్లు తెప్పించి 2000కు పైగా గేజ్ ఫ్యాక్టర్ సాధించారు. అయితే అది 2 శాతం సాగుదల లోపలి మాట. గొంతు ప్రకంపనలకూ మణికట్టు నాడికీ అది గొప్ప సాధనం, నీ మోకాలికి కాదు.

నీ పట్టీలో కార్బన్ రేణువులు తాకీ తాకనంత దగ్గరగా నిలిచి కరెంటుకు దారి కడతాయి. సాగదీస్తే కొన్ని దారులు తెగి నిరోధం పెరుగుతుంది. వదలగానే రబ్బరు పొడవు దాదాపు తిరిగి వచ్చినా, తెగిన దారులు అంత త్వరగా కుదురుకోవు కాబట్టి, లాగేటప్పుడు 20 శాతం దగ్గర కనిపించిన నిరోధం వదిలేటప్పుడు అదే 20 శాతం దగ్గర కనిపించదు. ఈ హిస్టరిసిస్‌నే నీ పరిశోధనకు కేంద్రంగా పెట్టుకో. కొన్ని మిశ్రమాల్లో, వదులుతున్నప్పుడు తగ్గవలసిన నిరోధం కాసేపు పెరుగుతుంది కూడా. దానిని పరికరం తప్పని కొట్టివేయకు. రబ్బరు మొదటి కొన్ని సాగుదలల్లో మెత్తబడి, ఆ తర్వాతే నిలకడకు వస్తుంది; దీనినే మల్లిన్స్ ప్రభావం అంటారు. కనుక ప్రతి పట్టీని వాడకంలో వచ్చే గరిష్ఠ సాగుదలకు కాస్త మించి పదిపదిహేను సార్లు లాగి వదిలాకే కొలతలు మొదలుపెట్టు. కుర్చీలోంచి మెల్లగా లేచినా, వడిగా నడిచినా మోకాలు ఒకే కోణానికి రావచ్చు, కానీ పాలిమర్ వేగాన్ని బట్టి స్పందిస్తుంది. కనీసం మూడు వేగాల్లో పరీక్షించు.

కార్బన్ మోతాదును కరెంటు దారి అప్పుడే ఏర్పడే అంచున ఉంచితే సున్నితత్వం ఎక్కువగా కనిపిస్తుంది, నిజమే. కానీ కలపడంలో ఏ చిన్న తేడా వచ్చినా ఒక విడత పట్టీ మరో విడత పట్టీని పోలదు. నేనైతే ఆ అంచుకు కొంచెం పైనే ఉంటాను.

తొలి రోజుల్లో లేటెక్స్ గ్లవ్స్ వేసుకుని అచ్చులు తుడిచేవాణ్ణి. రెండు వారాలపాటు ప్రతి పట్టీ జిగురుగానే మిగిలితే రసాయనాన్ని అనుమానించాను. లేటెక్స్‌లోని గంధకం సిలికోన్‌ను గట్టిపరిచే ప్లాటినం ఉత్ప్రేరకాన్ని చంపేస్తుందని ఆలస్యంగా తెలిసింది. వినైల్ గ్లవ్స్ వాడు. త్రీడీ ప్రింటర్ రెజిన్‌తో చేసిన అచ్చులు కూడా ఇదే ఇబ్బంది పెడతాయి.

పట్టీ తెగేది ఎక్కువగా మధ్యలో కాదు, గట్టి రాగి తీగ మెత్తని రబ్బరును కలిసే చోట. రెండు కొసలనూ సాగని బట్టతో బిగించి, ఆ సాగని భాగంలోనే వెండిపూత దారంతో కలుపు. కరెంటు పంపడానికి రెండు, వోల్టేజి చూడడానికి వేరే రెండు తీగలు వాడే నాలుగు తీగల పద్ధతిలో కొలిస్తే అతుకుల నిరోధం లెక్కలోకి రాదు.

హిస్టరిసిస్ ఎంతకూ లొంగకపోతే, నిరోధాన్ని వదిలి కెపాసిటెన్స్‌కు, అంటే విద్యుదావేశాన్ని నిలవ ఉంచుకునే సామర్థ్యాన్ని కొలవడానికి, మారడానికి సంకోచించకు. రెండు సాగే వాహక పొరల మధ్య సిలికోన్ పెడితే, లాగినప్పుడు రబ్బరు ఘనపరిమాణం దాదాపు మారదు కాబట్టి, కెపాసిటెన్స్ పొడవుతో పాటే పెరుగుతుంది. గేజ్ ఫ్యాక్టర్ మాత్రం 1 దగ్గరే ఆగుతుంది. చిన్న సంఖ్యే, అయినా మోకాలికి నేను దానినే ఎంచుకుంటాను. చెమటా చేతి స్పర్శా దానిని చెదరగొడతాయి కనుక వెలుపల మరో వాహక పొరను కవచంగా వేయాలి. మే నెలలో మన విశాఖలో దానిని కట్టుకుని గంటసేపు నడిచి చూడు. ఏసీ గదిలో బయటపడని లోపాలు అక్కడ బయటపడతాయి.

నెలాఖరులోగా ఒకే పట్టీని 30 శాతం దాకా 1000 సార్లు లాగి వదిలి, సాగుదలతో నిరోధం ఎలా మారిందో చూపే పదోసారి గీతనూ వెయ్యోసారి గీతనూ ఒకే కాగితం మీద గీసి పంపు. వదిలేటప్పటి గీత కూడా పూర్తిగా ఉండాలి.

ఇట్లు,
నీ పెదనాన్న