పీసీఎల్ బిల్డ్ సగంలో ఆగిపోతోంది, ఏం చెయ్యమంటారు?

ప్రశ్న: సార్, కాకినాడలో బీటెక్ ఫైనల్ ఇయర్ చదువుతున్నా. డెప్త్ కెమెరా పెట్టి టేబుల్ మీదున్న వస్తువుల్ని గుర్తుపట్టి తీసే రోబో చెయ్యి మా ప్రాజెక్టు. దానికి పాయింట్ క్లౌడ్ లైబ్రరీ (పీసీఎల్, కెమెరా ఇచ్చే 3డీ పాయింట్ల మీద పనిచేసే కోడ్) కావాలని సోర్స్ దింపా, సీమేక్ (బిల్డ్‌ని సిద్ధం చేసే టూల్) బాగానే అయింది, మేక్ జే8 (ఒకేసారి 8 ఫైళ్లు కంపైల్ చెయ్యమని) కొడితే మాత్రం సగం దాకా వెళ్లి లాప్‌టాప్ బిగుసుకుపోతోంది, మౌస్ కూడా కదలదు, కాసేపటికి 'కిల్డ్' అని వచ్చి ఆగిపోతోంది. ఉబుంటు 22.04, ర్యామ్ 8 జీబీ. కోడ్‌లో తప్పా, లాప్‌టాప్ పాడైందా?

జవాబు: రెండూ కాదు తమ్ముడూ, ర్యామ్ చాల్లేదు. డీమెసేజ్ కమాండ్ (ఉబుంటు గుండెకాయ లాంటి కెర్నల్ రాసుకున్న లాగ్ చూపించేది) సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, కొట్టి చివర్లో చూడు, 'అవుట్ ఆఫ్ మెమరీ' అని ఉండి పక్కనే సీసీ1ప్లస్ అని కనపడుతుంది, అదే అసలు కంపైలర్, దాన్ని కెర్నలే చంపేసింది. పీసీఎల్ నిండా టెంప్లేట్లే. ఒకే ఫిల్టర్‌ని మామూలు ఎక్స్‌వైజెడ్ పాయింటుకోసారి, రంగున్న పాయింటుకోసారి, ఇంటెన్సిటీ ఉన్నదానికింకోసారి ముందే కంపైల్ చేసి పెట్టుకుంటుంది, అందుకే కొన్ని ఫైళ్లు ఒక్కొక్కటే జీబీకి పైన తినేస్తాయి. జే8 అంటే అలాంటివి 8 ఒకేసారి పొయ్యి మీద పెట్టడమే, ఉబుంటుకీ నువ్వు తెరిచి ఉంచిన బ్రౌజర్‌కీ పోగా ఇంక మిగిలేదెంత? జే2 పెట్టు, అదీ ఆగితే జే1, ఇంకో 8 జీబీ స్వాప్ ఫైల్ (ర్యామ్ నిండితే వాడుకునే డిస్క్ జాగా) కూడా చేసుకో. బిల్డ్ ఫోల్డర్ మాత్రం చెరిపెయ్యకు, అయిన ఫైళ్లు వదిలేసి ఆగిన దగ్గర్నుంచే మొదలవుతుంది. సీమేక్‌లో 'పీసీఎల్ ఓన్లీ కోర్ పాయింట్ టైప్స్' అనే ఆప్షన్ ఆన్ చేస్తే అరుదుగా వాడే పాయింట్ రకాలు మానేస్తుంది, టైమూ ర్యామూ రెండూ బాగా తగ్గుతాయి.

ఇంతకీ సోర్స్ నుంచి ఎందుకు కడుతున్నావ్? నీ ఉబుంటులో లిబ్‌పీసీఎల్-డెవ్ అని ఆప్ట్ (రెడీమేడ్ ప్యాకేజీలు దింపేది) ఇన్‌స్టాల్ కొడితే 1.12.1 వెర్షన్ వస్తుంది, దానికి కావాల్సిన బూస్ట్, ఐగెన్, ఫ్లాన్, వీటీకే లైబ్రరీలన్నీ దాంతోపాటే దిగుతాయి. టేబుల్ తలాన్ని రాన్సాక్‌తో (పాయింట్లలో తలాన్ని వెతికే పద్ధతి) తీసేసి, మిగిలిన పాయింట్లని యూక్లిడియన్ క్లస్టరింగ్‌తో (దగ్గరదగ్గరున్న పాయింట్లని గుంపు కట్టే పద్ధతి) వస్తువులుగా విడగొట్టడమేగా నీ పని, అవి రెండూ అందులో ఉన్నాయి. లైబ్రరీ లోపలి కోడ్ మార్చాలన్నా, కొత్త వెర్షన్‌లో మాత్రమే ఉన్నదేదో కావాలన్నా అప్పుడు సోర్స్ జోలికెళ్లు, సోర్స్ నుంచి కట్టామని వైవాలో ఎవరూ ఎక్స్‌ట్రా మార్కులెయ్యరు.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి రాస్తున్నానండి, ఆఫీసులో రాస్ 2 హంబుల్ (రోబో సాఫ్ట్‌వేర్ వేదిక) మీద పని. ఆప్ట్‌లో వచ్చిన పీసీఎల్ ఉండగానే 1.14 సోర్స్ నుంచి కట్టి సుడో మేక్ ఇన్‌స్టాల్ చేశా. ముందేమో షేర్డ్ లైబ్రరీ దొరకలేదంది, అది ఎలాగో పోయింది, ఇప్పుడు నోడ్ (రాస్‌లో నడిచే నా ప్రోగ్రాం) స్టార్టయి మొదటి పాయింట్ క్లౌడ్ రాగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (మెమరీ తప్పుతో క్రాష్).

జవాబు: మొదటిది చిన్న విషయమండి, యూఎస్ఆర్ లోకల్‌లో (సోర్స్ నుంచి కట్టినవి పడే ఫోల్డర్) కొత్త లైబ్రరీ పడ్డాక సుడో ఎల్‌డీకాన్ఫిగ్ (లైబ్రరీల జాబితాని తాజా చేసే కమాండ్) కొట్టాలి, మీకు తెలీకుండానే ఎక్కడో అది జరిగి ఉంటుంది.

రెండోదే అసలు గొడవ. ఇప్పుడు మీ మెషీన్‌లో రెండు పీసీఎల్‌లు ఉన్నాయి. రాస్ ప్యాకేజీలు ఆప్ట్ తెచ్చిన 1.12తో కట్టినవి, మీ నోడ్‌ని కట్టేటప్పుడు సీమేక్ యూఎస్ఆర్ లోకల్‌నే ముందు వెతుకుతుంది కాబట్టి 1.14 పట్టుకుంది, రెండూ ఒకే ప్రాసెస్‌లోకి లోడ్ అయ్యాక ఏ ఫంక్షన్ ఎందులోంచి వస్తుందో చెప్పలేం. నోడ్ బైనరీ మీద ఎల్‌డీడీ (ప్రోగ్రాం ఏ లైబ్రరీలు వాడుతోందో చూపే కమాండ్) కొట్టి పీసీఎల్ ఉన్న లైన్లు చూడండి, 1.12, 1.14 రెండూ కనిపిస్తే ఇంక వేరే అనుమానం అక్కర్లేదు. కొత్తది తీసెయ్యండి, లేదా 1.14 తప్పదంటే హోమ్‌లో ఒక ఫోల్డర్‌ని ఇన్‌స్టాల్ ప్రిఫిక్స్‌గా (లైబ్రరీ పడాల్సిన చోటుగా) ఇచ్చి అక్కడ కట్టుకుని, పీసీఎల్ వాడే రాస్ ప్యాకేజీల్ని కూడా మీ వర్క్‌స్పేస్‌లోకి తెచ్చి దాంతోనే మళ్లీ కోల్‌కాన్ (రాస్ 2 బిల్డ్ టూల్) బిల్డ్ చెయ్యండి, పనెక్కువే కానీ అడ్డదారి లేదు.

ఎల్‌డీడీలో ఒక్కటే కనిపించి కూడా క్రాష్ అవుతుంటే మార్చ్-నేటివ్ ఫ్లాగ్ (ఈ ప్రాసెసర్‌కే తగ్గట్టు కంపైల్ చెయ్యమనేది) చూడండి. లైబ్రరీని ఆ ఫ్లాగ్‌తో కట్టి మీ కోడ్‌ని లేకుండా కడితే, ఏవీఎక్స్ (ఒకేసారి ఎక్కువ లెక్కలు చేసే సదుపాయం) ఉన్న ప్రాసెసర్ మీద ఐగెన్ లెక్కల లైబ్రరీ ఒక వైపు 32 బైట్ల అలైన్‌మెంట్ (మెమరీలో డేటా మొదలవ్వాల్సిన హద్దు), ఇంకోవైపు 16 అనుకుంటుంది. కంపైలర్ ఒక్క వార్నింగ్ కూడా ఇవ్వదు, రన్ చేశాకే పడిపోతుంది. రెండు వైపులా పెట్టండి, లేదా రెండు వైపులా తీసెయ్యండి.

ప్రశ్న: సుడో మేక్ ఇన్‌స్టాల్ చేసింది తీసెయ్యడం ఎలా? (వరంగల్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: బిల్డ్ ఫోల్డర్ ఉంటే అందులోంచే సుడో మేక్ అన్‌ఇన్‌స్టాల్ కొట్టండమ్మా, ఎక్కడెక్కడ ఏ ఫైలు పెట్టిందో ఇన్‌స్టాల్ మానిఫెస్ట్ అనే టెక్స్ట్ ఫైల్లో రాసుకుని ఉంటుంది, దాన్ని చూసి తీసేస్తుంది. ఫోల్డర్ చెరిపేసి ఉంటే అదే వెర్షన్‌ని అవే ఆప్షన్లతో మళ్లీ కట్టి, ఇన్‌స్టాల్ చేసి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చెయ్యాలి, విసుగే మరి. తర్వాత ఎల్‌డీకాన్ఫిగ్ ఒకసారి. మీ ప్రాజెక్టులోని సీమేక్ క్యాష్ ఫైలు కూడా తీసెయ్యండి, పాత పీసీఎల్ అడ్రస్ అందులోనే ఉండిపోతుంది.