సికిల్ సెల్ పరీక్ష చేసి కార్డు ఇస్తే జబ్బు పోతుందా?

గిరిజన గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి సికిల్ సెల్ పరీక్ష చేసి కార్డులు ఇస్తున్నారు, దానివల్ల జబ్బు పోతుందా అని అడిగారు. పోదు. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే ఈ జబ్బు తల్లిదండ్రుల నుంచి పుట్టుకతోనే వస్తుంది. అయినా ఆ కార్డు అవసరమే. పాడేరు ఏజెన్సీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా శిబిరాల వెంట తిరిగినవాణ్ణి, చూసింది చెబుతాను.

పరీక్ష చాలా సులువు. వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి, చిన్న గొట్టంలోని ద్రావణంలో కలిపి, ఐదు నిమిషాలాగి, గీతలు గీసిన కాగితం ముందు పట్టుకుంటాం. గీతలు కనిపిస్తే సరే. ద్రావణం మడ్డిగా మారి గీతలు మాయమైతే సికిల్ హిమోగ్లోబిన్ ఉన్నట్టు. అయితే ఆ మనిషి రోగా, లేక తనకు జబ్బు లేకున్నా ఆ లక్షణాన్ని బిడ్డలకు అందించగల వాహకుడా అన్నది గొట్టం చెప్పదు. అందుకు హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ లాంటి ల్యాబ్ పరీక్ష కావాలి. నమూనా కొండ దిగి, ఫలితం మళ్లీ కొండెక్కేసరికి ఆ మనిషి ఏ కూలి పనికో వలస వెళ్లి ఉంటాడు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఫలితం చెప్పడంలో ఉంది. మొదట్లో ఒక ఆశ్రమ పాఠశాలలో పిల్లల్ని వరసగా నిలబెట్టి, పేరు పిలిచి, ఫలితం పైకి చదివాను. బుద్ధిలేని పని. ఆ మాట వారపు సంతకు చేరింది. కొన్నాళ్లకు ఒక అమ్మాయికి కుదిరిన మేనరికం తప్పిపోయింది. ఆమె వాహకురాలు మాత్రమే, ఒంట్లో ఏ బాధా లేదు. మేనత్త కొడుక్కి మాత్రం అసలు పరీక్షే జరగలేదు! "రోగం లేదంటావు, మరి కాగితం మీద ఎందుకు రాశావు బాబూ?" అని తల్లి అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచి ఫలితం ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చెబుతున్నాను. ఏజెన్సీలో రాజ్మా పండిస్తారు కదా, ఆ గింజలే పలక, బలపం. ఎర్ర గింజ సికిల్ లక్షణం, తెల్లది మామూలుది. ఇద్దరూ వాహకులైతే తల్లి గుప్పిట్లో ఒక ఎర్ర గింజ, ఒక తెల్ల గింజ. తండ్రి గుప్పిట్లోనూ అంతే. కళ్లు మూసుకుని చెరొకటి తీయమంటాను. రెండూ ఎర్రవి వస్తేనే బిడ్డకు జబ్బు. అలా వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురూ క్షేమమని చాలామంది అనుకుంటారు. ప్రతి కాన్పుకూ గింజలు కొత్తగా తీయాల్సిందే. ఒక్కరి గుప్పిట్లోనే ఎర్ర గింజ ఉంటే బిడ్డకు ఈ జబ్బు రాదు. అందుకే పెళ్లిచూపుల్లో అమ్మాయి కార్డొక్కటే అడగడం అన్యాయం.

ఇక జబ్బున్న పిల్లల సంగతి. చలికాలంలో మన్యంలో తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం వాళ్లకు కీళ్ల నొప్పుల్ని రేపుతుంది. కొడవలిలా వంగిన కణాలు సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. అలా ముడుచుకుని పడుకున్న ఒక పాపను బద్ధకమని మందలించడం నా కళ్లతో చూశాను. పరీక్షలో బయటపడ్డాక వార్డెన్ వేణ్నీళ్లు పెట్టించారు, గంటగంటకూ నీళ్లు తాగించారు. నొప్పులు తరచూ రాకుండా వైద్యులు రాసిన హైడ్రాక్సీయూరియా మందు క్రమం తప్పకుండా వేసుకున్నాక ఆ పాప బడి మానడం తగ్గింది.

మన దేశంలో ఈ సికిల్ లక్షణాన్ని నీలగిరుల్లో 1952లోనే గుర్తించారు. సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలైంది మాత్రం 2023 జూలై 1న, మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో. నలభై ఏళ్ల లోపు వయసున్న ఏడు కోట్ల మందిని పరీక్షించాలని, 2047 కల్లా నిర్మూలించాలని లక్ష్యం. సమీక్షల్లో ఎన్ని పరీక్షలయ్యాయనే అడుగుతారు. ఎంతమందికి మందు వరసగా ఆరు నెలలు అందిందని అడిగిన అధికారి నాకు ఒక్కరే తగిలారు.

మీ ఊరికి శిబిరం వస్తే భార్యాభర్తలిద్దరూ వెళ్లండి. ఆరు నెలల లోపు పసివాళ్లలో గొట్టం పరీక్ష తప్పు చూపవచ్చు, వాళ్లకు వేరే పరీక్ష అడగండి. జబ్బు తేలినవారు రక్తహీనత కదా అని ఐరన్ మాత్రలు సొంతంగా వేసుకోవద్దు, ముందు డాక్టరును అడగండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు ఉంది, జబ్బున్నవారు దివ్యాంగుల ధ్రువపత్రానికి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.