ఎంసెట్ ర్యాంకుతో బీ.ఆర్క్ సీటు వస్తుందా?

రాదు. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ఇంజినీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ వంటి కోర్సులకే. ఐదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ బీ.ఆర్క్‌లో చేరాలంటే నాటా (ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష) గానీ, జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపరైన 2ఏ గానీ రాయాలి. ఆర్కిటెక్ట్‌కు గీత, కొలత, ఊహ కావాలి. ఎంసెట్‌లో డ్రాయింగే లేదు. నాటా 200 మార్కుల్లో 80 చేత్తో బొమ్మలు గీసి, రంగులు వేసి, నమూనా చేసి తెచ్చుకోవాల్సినవే.

రాష్ట్ర ర్యాంకులో ఇంటర్ మార్కులకు, నాటాకు చెరి సగం. హన్మకొండ అమ్మాయికి ఇంటర్‌లో 90 శాతం, నాటాలో 120 వస్తే 45 + 30, అంటే 75. అందుకే ఇంటర్ మార్కులను తేలిగ్గా తీసుకోవద్దు. విజయవాడలోని కేంద్ర సంస్థ ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) కావాలంటే మాత్రం నాటా పనికిరాదు, పేపర్ 2ఏ తప్పనిసరి.

బొమ్మలు బాగా వేస్తే బైపీసీ వాళ్లకూ సీటొస్తుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు: ఇంటర్‌లో గణితం, ఫిజిక్స్ ఉండి తీరాలి. గణితం ఉన్న మూడేళ్ల డిప్లొమా వాళ్లూ అర్హులే.