పాత గేమ్ డిస్కులు తిరిగి అమ్మితే కాపీరైట్ ఉల్లంఘన అవుతుందా?

ప్రశ్న: విశాఖపట్నం ద్వారకానగర్‌లో మాకు సెల్‌ఫోన్లు, వీడియో గేములు అమ్మే చిన్న దుకాణం ఉంది. కొత్త డిస్కులతో పాటు, కాలేజీ పిల్లలు ఆడేసి తెచ్చిన ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ డిస్కులు కొని, కొంత లాభం వేసుకుని మళ్లీ అమ్ముతుంటాం. ఈమధ్య ఒక పంపిణీ సంస్థ తరఫు న్యాయవాది నుంచి నోటీసు వచ్చింది. వాడిన గేములు అమ్మడం కాపీరైట్ చట్టానికి విరుద్ధమని, పెట్టె మీద ‘తిరిగి అమ్మరాదు’ అని స్పష్టంగా ఉందని, పదిహేను రోజుల్లో ఆపకపోతే క్రిమినల్ కేసు పెడతామని రాశారు. భయపడి డిస్కులన్నీ లోపల పెట్టేశాను. ఈ వ్యాపారం నిజంగా నేరమా? శని, ఆదివారాల్లో డిస్కులు అద్దెకు ఇవ్వవచ్చా? కొందరు డౌన్‌లోడ్ గేములున్న తమ అకౌంట్లు అమ్మజూపుతున్నారు, కొనవచ్చా?
– ఒక పాఠకుడు

సమాధానం: కంపెనీ విడుదల చేసిన అసలు డిస్కును చట్టబద్ధంగా కొన్న వ్యక్తి దగ్గర మీరు కొని, దాన్ని నకలు తీయకుండా అదే డిస్కును మరొకరికి అమ్మడం నా అభిప్రాయంలో కాపీరైట్ ఉల్లంఘన కాదు, నేరం అంతకన్నా కాదు. అద్దె సంగతి, అకౌంట్ల సంగతి వేరు. ఆ రెంటిలో మీరు తొందరపడకూడదు. వాటి గురించి తర్వాత చెబుతాను.

ఒక గేమ్ డిస్కులో రెండు వేర్వేరు ఆస్తులున్నాయి. ఆ గేమును నకళ్లు తీసి జనానికి విడుదల చేసే హక్కు ఒకటి, అది తయారీదారుదే. డిస్కు అనే వస్తువు రెండోది, అది డబ్బు చెల్లించి కొన్నవారిది. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 14 మొదటి ఆస్తిని మాత్రమే కాపాడుతుంది. పుస్తకాల వంటి సాహిత్య రచనల విషయంలో, ఒకసారి అమ్ముడైన ప్రతిని అప్పటికే చలామణిలో ఉన్న ప్రతిగా పరిగణించాలని ఆ సెక్షన్‌లోనే వివరణ ఉంది. పాత పాఠ్యపుస్తకాల వ్యాపారం ఎవరి అనుమతీ లేకుండా సాగుతున్నది దాని బలంతోనే.

గేము మాత్రం చట్టం దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా అవుతుంది. మీకు వచ్చిన నోటీసు బలమంతా ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. సెక్షన్ 14(బి) ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ ‘ఏ ప్రతినైనా’ అమ్మే హక్కు, వ్యాపార ప్రాతిపదికన అద్దెకు ఇచ్చే హక్కు కాపీరైట్ యజమానికి ఉన్నాయి. 1994లో చేసిన సవరణ ఇంకా ముందుకు వెళ్లి, ఆ ప్రతి అంతకుముందు అమ్ముడైనా కాకపోయినా సరే ఈ హక్కు వర్తిస్తుందని చెప్పింది. ఆ మాటలు అలాగే ఉండి ఉంటే మీ వ్యాపారం ఇబ్బందుల్లో పడేది. కానీ 1999 సవరణలో పార్లమెంటు ఆ మాటలను తొలగించింది. చట్టంలో ఉన్న మాటను చట్టసభ కావాలని తీసివేసినప్పుడు, దాన్ని వ్యాఖ్యానం పేరుతో వెనుక దారిన మళ్లీ చట్టంలోకి తీసుకురాకూడదన్నది న్యాయస్థానాలు పాటించే నియమం.

ఈ సవరణ అర్థాన్ని సుప్రీంకోర్టు 2021 మార్చి 2న ఇంజనీరింగ్ ఎనాలిసిస్ సెంటర్ ఆఫ్ ఎక్సెలెన్స్ కేసులో తేల్చి చెప్పింది. విదేశీ కంపెనీల సాఫ్ట్‌వేర్‌ను కొని భారతదేశంలో తిరిగి అమ్మే పంపిణీదారులు కాపీరైట్ హక్కును పొందినట్లా, కేవలం వస్తువును కొన్నట్లా అన్నది అక్కడి ప్రశ్న. సెక్షన్ 14(బి) చెప్పే అమ్మకం ప్రోగ్రామ్‌కు నకళ్లు తీసి అమ్మడానికి సంబంధించినదే తప్ప, కొన్న ప్రతిని కొన్నట్లుగా తిరిగి అమ్మే వ్యక్తి దాని పరిధిలోకి రాడని కోర్టు స్పష్టం చేసింది. 1999 సవరణను కూడా ఈ కోణంలోనే పరిశీలించింది. అది ఆదాయపు పన్ను వివాదమని, మనకు వర్తించదని ఎదుటి న్యాయవాది వాదించవచ్చు. కానీ కాపీరైట్ చట్టంలోని ఆ సెక్షన్‌కు అర్థం చెప్పకుండా ఆ పన్ను వివాదం తేలే అవకాశమే లేదు కనుక, ఆ వ్యాఖ్యానాన్ని యథాలాపంగా అన్న మాటగా కొట్టిపారేయడం కుదరదు. దీనికి ముందే, 2004లో, టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థకు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి మధ్య నడిచిన కేసులో, డిస్కు మీదకు ఎక్కించి అంగట్లో అమ్మే సాఫ్ట్‌వేర్ ‘వస్తువు’ అవుతుందని అదే కోర్టు తీర్పు చెప్పింది. అమ్మకపు పన్ను వేయడానికి వస్తువైనది, కొన్నవాడు తిరిగి అమ్ముకోబోతే వస్తువు కాకుండా పోతుందని వాదించడం నాకు న్యాయంగా కనిపించదు.

గేములో కదిలే దృశ్యాలు ఉంటాయి కాబట్టి అది సినిమా కిందికి వస్తుందని కూడా మీ నోటీసులో రాసి ఉండవచ్చు. సినిమా డీవీడీల విషయంలో మొదటి అమ్మకంతో యజమాని హక్కు తీరిపోదని ఢిల్లీ హైకోర్టు 2009లో వార్నర్ బ్రదర్స్ కేసులో చెప్పిన మాట నిజమే. అయితే ఆ తీర్పుకు ఆధారమైన ‘ముందు అమ్ముడైనా కాకపోయినా’ అన్న మాటలు సినిమాల నిబంధనలో అప్పటికి ఇంకా ఉన్నాయి. 2012 సవరణ వాటిని కూడా తీసివేసింది. ఆ సవరణకు ముందునాటి తీర్పును ఇప్పుడు చూపితే, ఆ తేడాను మీ సమాధానంలో తప్పకుండా ఎత్తి చూపండి.

పెట్టె మీది ‘తిరిగి అమ్మరాదు’ అన్న అచ్చు గురించి ఎక్కువ ఆందోళన అక్కరలేదు. ఒప్పందం చేసుకున్నవారి మధ్యే షరతు పనిచేస్తుంది. మీరు ఆ కంపెనీతో ఏ ఒప్పందమూ చేసుకోలేదు. చట్టం ఇవ్వని హక్కును అట్ట మీద అచ్చు వేసుకున్నంత మాత్రాన అది ఎవరికీ సంక్రమించదు.

తయారీదారుల ఆవేదనలో నిజం లేదని నేను అనను. ఒకే డిస్కు నలుగురి చేతులు మారితే దుకాణదారుకు నాలుగుసార్లు లాభం వస్తుంది, గేమును రూపొందించినవారికి ఒక్కసారే వస్తుంది. అందుకే 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ, వాడిన డిస్కు కొన్నవారు ఆన్‌లైన్‌లో ఆడాలంటే విడిగా డబ్బు కట్టే పద్ధతి పెట్టి, కొనుగోలుదారుల అసంతృప్తి చూసి 2013లో మానుకుంది. అదే సంవత్సరం జూన్‌లో మైక్రోసాఫ్ట్ తన కొత్త ఎక్స్‌బాక్స్‌లో పాత డిస్కుల మార్పిడిపై ఆంక్షలు ప్రకటించి, వ్యతిరేకత రావడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. గేముల పుట్టినిల్లు అనదగ్గ జపాన్‌లో ఈ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గేమును సినిమాతో సమానంగా చూస్తూనే, చట్టబద్ధంగా ఒకసారి అమ్ముడైన తర్వాత ఆ ప్రతి పంపిణీపై యజమాని హక్కు తీరిపోతుందని 2002 ఏప్రిల్ 25న ఆ కోర్టు చెప్పింది. నాలుగైదు వేల రూపాయలు పెట్టి కొత్త గేము కొనే విద్యార్థి, దాన్ని తర్వాత అమ్ముకోగలనన్న ధైర్యంతోనే చాలాసార్లు కొంటాడు. ఆ దారి మూసేస్తే కొత్త డిస్కుల అమ్మకం కూడా తగ్గుతుందని నేను నమ్ముతాను.

ఇక అద్దె. దయచేసి ఆ పని చేయకండి. సవరణల తర్వాత కూడా వ్యాపార ప్రాతిపదికన అద్దెకిచ్చే హక్కు యజమాని చేతిలోనే ఉంది. ప్రోగ్రామే అద్దెకు ముఖ్య వస్తువు కానప్పుడు మాత్రం చట్టం మినహాయింపు ఇస్తుంది. గేము డిస్కును అద్దెకు తీసుకునేది గేము కోసమే కాబట్టి మీకు ఆ మినహాయింపు దొరకదు. అమెరికాలో గేముల డిస్కుల అద్దె దుకాణాలు నడిచాయి కదా అని కొందరు అడుగుతారు. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ వంటి గేమ్ యంత్రాల (కన్సోల్) గేములకు అక్కడి చట్టంలో ప్రత్యేక మినహాయింపు ఉంది, మన చట్టంలో లేదు. అమ్మిన డిస్కును రెండు రోజుల తర్వాత తక్కువ ధరకు తిరిగి కొంటామని ముందే రాసిచ్చే పద్ధతి కూడా పేరు మార్చిన అద్దెగానే కోర్టుకు కనిపిస్తుంది.

అకౌంట్ల విషయంలో జవాబు ఇంకా సూటిగా ఉంటుంది. డౌన్‌లోడ్ గేములో చేతులు మారే వస్తువు లేదు. అకౌంటు తెరిచినవారు కంపెనీతో చేసుకున్న ఒప్పందం సాధారణంగా బదిలీని నిషేధిస్తుంది, మీరు కొన్న మరుక్షణం కంపెనీ ఆ అకౌంటును మూసివేయవచ్చు. ఐరోపా న్యాయస్థానం 2012లో యూజ్డ్‌సాఫ్ట్ కేసులో డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్ తిరిగి అమ్మకాన్ని అనుమతించినా, 2019లో ఈ-పుస్తకాల విషయంలో ఒప్పుకోలేదు. పారిస్‌లో కింది కోర్టు 2019లో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణం వినియోగదారుల పక్షాన ఇచ్చిన తీర్పును 2022లో అప్పీలు కోర్టు కొట్టివేసింది. ఇంత అనిశ్చితి ఉన్నచోట మీ పెట్టుబడి పెట్టవద్దు.

మీ రక్షణ అంతా డిస్కు అసలైనది కావడం మీదే ఆధారపడి ఉంది. నకలు డిస్కు ఒక్కటి మీ దుకాణంలో దొరికినా పైన చెప్పిందేదీ అక్కరకు రాదు. సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన, బెయిలు హక్కుగా రాని నేరమని సుప్రీంకోర్టు 2022 మేలో నిట్ ప్రో కేసులో చెప్పింది. నకలు గేములు ఆడేలా కన్సోల్ తాళం తీసి ఇవ్వడం సెక్షన్ 65ఎ కింద మరో నేరం, దానికి రెండేళ్ల దాకా జైలు ఉంది. కొనేటప్పుడు ఒక రిజిస్టరులో అమ్మినవారి పేరు, ఫోన్ నంబరు, డిస్కు వివరాలు, సంతకం తీసుకోండి. దొంగిలించిన వస్తువును మంచి మనసుతో కొన్నా దాని మీద మీకు హక్కు రాదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు తెస్తే తల్లిదండ్రులు వచ్చి సంతకం చేస్తే తప్ప తీసుకోకండి, మైనరు ఒప్పందం చట్టం ముందు చెల్లదు. అమ్మేటప్పుడు బిల్లు మీద ‘వాడినది’ అని రాసి, లోపలి డౌన్‌లోడ్ కోడ్ అయిపోయి ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి. పాత వస్తువును కొత్తదిగా చూపడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. జీఎస్టీ నమోదు ఉంటే, పాత వస్తువుల వ్యాపారులకు కొన్న ధర, అమ్మిన ధరల మధ్య తేడా మీదే పన్ను లెక్కించే వీలు 32(5) నియమంలో ఉంది. మీ ఆడిటరుతో మాట్లాడి దాన్ని వాడుకోండి.

నోటీసును పక్కన పడేయవద్దు, గడువు లోపల న్యాయవాది ద్వారా సమాధానం పంపండి. ముందుగా వారిని ఒక విషయం అడగండి. కాపీరైట్ యజమాని గాని, ప్రత్యేక హక్కులున్న లైసెన్సుదారు గాని వేయదగిన దావాను వారు ఏ హోదాలో వేయబోతున్నారో, దానికి ఆధారమైన రాతపూర్వక ఒప్పందం ప్రతిని పంపమనండి. కేవలం సరుకు పంపిణీ చేసేవారికి ఆ హక్కు ఉండదు. మీరు అసలు డిస్కులే అమ్ముతున్నారని, నకళ్లు తీయడం లేదని, అద్దెకు ఇవ్వడం లేదని రాసి, 1999 సవరణను, 2021 తీర్పును ఉదహరించండి. ఇకపై అద్దెకు ఇవ్వకపోతేనే ఆ వాక్యం రాయండి. ఆ తర్వాత కూడా బెదిరింపులు ఆగకపోతే, ఆధారం లేని బెదిరింపులను ఎదుర్కొనేందుకు సెక్షన్ 60 మీకే దావా వేసే హక్కు ఇస్తుంది. మీరు చేసేది ఉల్లంఘన కాదని ప్రకటించమని, బెదిరింపులు ఆపమని, జరిగిన నష్టం ఇప్పించమని మీరు కోరవచ్చు. అయితే వారు శ్రద్ధగా ఉల్లంఘన దావా వేసి నడిపితే ఈ సెక్షన్ పనిచేయదు, అప్పుడు ఆ దావాలోనే మీ వాదన వినిపించుకోవాలి. ఒకవేళ ఎస్సై వచ్చి డిస్కులు స్వాధీనం చేసుకుంటే, పంచనామా ప్రతి అడిగి తీసుకుని, పదిహేను రోజుల లోపల మేజిస్ట్రేటు ముందు వాటిని తిరిగి ఇప్పించమని దరఖాస్తు పెట్టండి. ఆ దరఖాస్తుతో మీ రిజిస్టరు, కొనుగోలు రసీదులు జతచేయాల్సి ఉంటుంది కనుక, రిజిస్టరు రాయడం ఈ రోజే మొదలుపెట్టండి.