పసుపు లైటు ఎన్ని సెకన్లు? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరండి. అరటి గెలల వ్యాపారం, వారానికి మూడుసార్లు మినీ వ్యాన్ వేసుకుని టౌన్లకి తిరుగుతాను. పోయిన నెలలో ఒక టౌన్‌లో సెంటర్ దగ్గరికి వచ్చేసరికి పసుపు లైటు పడింది. వెనకాలే ఇసుక లారీ ఉంది, బ్రేక్ కొడితే వాడు నా మీదికి ఎక్కించేస్తాడని ముందుకే వెళ్లిపోయాను. పన్నెండు రోజుల తర్వాత ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, రెడ్‌లైట్ దాటారు, వెయ్యి రూపాయలు కట్టమని. అక్కడ పోలీసు లేడు, నన్ను ఆపినవాడు లేడు, నా మాట విన్నవాడూ లేడు. మా బావమరిది టెక్సాస్‌లో ఉంటాడు. ఇలా సిగ్నల్ దగ్గర ఫొటో తీసి చలానా వేసే కెమెరాలను అక్కడ చట్టం చేసి నిషేధించారట. మన దగ్గర ఎందుకు నిషేధించకూడదు? మా వర్తక సంఘం తరఫున అర్జీ పెడదామనుకుంటున్నాం. – అరటి వ్యాపారి

జవాబు: మీ బావమరిది చెప్పింది నిజమేనండి. టెక్సాస్‌లో రెడ్‌లైట్ కెమెరాల నిషేధం బిల్లు మీద గవర్నర్ 2019 జూన్‌లో సంతకం పెట్టారు. అప్పటికే కంపెనీలతో ఒప్పందాలున్న కొన్ని ఊళ్లలో మాత్రం ఆ గడువు అయ్యేదాకా కెమెరాలు నడిచాయి. అంతకు ముందే హ్యూస్టన్ నగరంలో 2010 నవంబరులో జనం ఓటేసి మరీ వద్దన్నారు, కోర్టు గొడవలన్నీ అయ్యాక 2011లో ఆపేశారు. కాబట్టి మీరు అడుగుతున్నది ఎక్కడా లేని వింతేమీ కాదు. అర్జీ పెట్టండి, తప్పకుండా పెట్టండి. కానీ అందులో "నిషేధించండి" అని రాస్తే మాత్రం నేను మీ పక్కన నిలబడలేను.

మూడేళ్ల కిందట మా మేనల్లుడు ట్యూషన్ నుంచి బండి మీద ఇంటికొస్తూ ఒక సెంటర్లో ఆగాడు. పచ్చ లైటు పడ్డాకే కదిలాడు. అడ్డ రోడ్డులో ఎర్ర లైటు దాటుకుని వచ్చిన టిప్పర్ వాణ్ణి పక్కనుంచి కొట్టింది. తొడ ఎముకకి రాడ్డు వేశారు, ఏడు నెలలు మంచం మీదే ఉన్నాడు. ఆ టిప్పర్ ఎవరిదో ఇప్పటికీ తెలీదు, ఎందుకంటే ఆ సెంటర్లో కెమెరా లేదు, చూసినవాళ్లకి నంబరు గుర్తులేదు. మా అక్క ఇప్పటికీ ఆ దారిన వెళ్లదు, చుట్టు తిరిగి కాలవ గట్టు మీదుగా వెళ్తుంది. అందుకే కెమెరాలు పీకేయాలని ఎవరైనా అంటే నా మనసు ఒప్పుకోదు.

అలాగని అమెరికా వాళ్లు ఊరికే విసుక్కోలేదు. వాళ్ల ఫెడరల్ హైవే విభాగం 2005లో ఒక అధ్యయనం వేసింది, ఏడు ప్రాంతాల్లో 132 సిగ్నళ్లు చూశారు. కెమెరా పెట్టాక అడ్డంగా గుద్దుకునే ప్రమాదాలు దాదాపు 25 శాతం తగ్గాయి, వెనక నుంచి గుద్దే ప్రమాదాలు దాదాపు 15 శాతం పెరిగాయి. చలానా భయంతో ముందువాడు టక్కున బ్రేక్ కొడతాడు, వెనకవాడు అది ఊహించడు. హ్యూస్టన్‌లో కెమెరాలు తీసేశాక ఏమైందో చూసిన ఆర్థికవేత్తలకీ ఇలాంటి లెక్కే కనిపించింది, ఒక రకం ప్రమాదాలు పెరిగాయి, ఇంకో రకం తగ్గాయి, మొత్తమ్మీద కెమెరాల వల్ల ప్రమాదాలు తగ్గాయనడానికి ఆధారం దొరకలేదు.

ఇక్కడ మన సంగతి వేరు, ఇది నేను గట్టిగా చెప్పదలుచుకున్న మాట. అక్కడ వెనక నుంచి గుద్దితే ఎక్కువగా కారుకి కారు తగులుతుంది, బంపర్ పోతుంది, మెడ నొప్పి వస్తుంది. మన సెంటర్లో లారీకి ముందు ఉండేది స్కూటీ మీద పిల్లని స్కూలుకి తీసుకెళ్తున్న తల్లి, లేకపోతే పదిమంది ఎక్కిన షేర్ ఆటో. పైగా భీమవరం, ఆకివీడు వైపు చేపల బండ్ల నుంచి కారిన నీళ్లతో రోడ్డు ఎప్పుడూ తడిగానే ఉంటుంది, బ్రేక్ కొడితే బండి జారుతుంది. కాబట్టి "వెనక గుద్దుళ్లు కొంచెం పెరిగితే పెరిగాయిలే" అని మనం సరిపెట్టుకోలేం. ఒక ఆటో డ్రైవర్ నాతో అన్న మాట ఇది: "ఆగమంటే ఆగుతామండీ, ఆయ్. కానీ ఆగడానికి మాకు టైమివ్వాలి కదండీ."

ఆ టైమే పసుపు లైటు. మీ అర్జీలో ఉండాల్సింది దాని గురించే.

లెక్క చూడండి. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వస్తున్న బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. పసుపు చూసి కాలు బ్రేక్ మీదికి వెళ్లడానికి ఒక సెకను వేసుకుందాం, ఆ తర్వాత మామూలుగా బ్రేక్ వేస్తే ఇంకో 20, 21 మీటర్లు జరిగి ఆగుతుంది. మొత్తం 32 మీటర్లు కావాలి. ఇప్పుడు పసుపు రెండే సెకన్లు ఉందనుకోండి, ఆ రెండు సెకన్లలో బండి పోయేది 22 మీటర్లు. అంటే స్టాప్ లైన్‌కి 22 మీటర్లకీ 32 మీటర్లకీ మధ్యలో ఉన్నవాడు ఎంత మంచివాడైనా సరే ఆగలేడు, ఎర్ర పడేలోపు దాటనూ లేడు. ఆ పది మీటర్ల ముక్కలో చిక్కినవాడికి ఉన్నవి రెండే, సడన్ బ్రేక్ లేదా చలానా. పసుపుని మూడు సెకన్లు చేస్తే బండి 33 మీటర్లు పోతుంది, ఆ ముక్క మాయమైపోతుంది. ఒక్క సెకనండి! బైపాస్ మీద 50లో వచ్చే చోటైతే మూడు కూడా చాలదు, ఇంకొంచెం పెంచాలి. సరుకుతో ఉన్న లారీకి, వానలో, ఇంకా ఎక్కువ.

ఈ డెల్టాలోనే ఒక టౌన్‌లో, పేరు రాయను, నేను టీ కొట్టు దగ్గర నిలబడి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. పసుపు రెండు సెకన్ల పైన ఒక చిటిక, అంతే. ఇరవై సార్లు చూశాను, ఇరవై సార్లూ అంతే. స్టాప్ లైన్ సగం చెరిగిపోయి ఉంది, సిగ్నల్ స్తంభానికి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంది, కెమెరా మాత్రం తళతళలాడుతోంది. నాకు చాలా కోపమొచ్చింది. మనిషికి నియమం పాటించే వీలు ఇవ్వకుండా తప్పు మాత్రం పట్టుకుంటే దాన్ని భద్రత అని ఎలా అంటాం?

చికాగోలో ఇదే జరిగింది. 2014లో అక్కడ పసుపు 2.9 సెకన్లు ఉన్నా చలానాలు పంపడం మొదలుపెట్టారు, అంతకు ముందు మూడు ఉంటేనే పంపేవారు. ఆ పదో వంతు సెకను తేడాతో 77,000 చలానాలు అదనంగా పడ్డాయి. అదే నగరంలో కెమెరాల వ్యవహారం చూసిన ఒక మాజీ అధికారి కంపెనీ దగ్గర లంచాలు తిన్నట్టు రుజువై 2016లో పదేళ్ల జైలు శిక్ష పడింది. జనానికి కెమెరా మీద అసహ్యం పుట్టిందంటే ఇలాంటి వాటివల్లే.

మన చట్టం కాగితం మీద బాగానే ఉంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 136ఏ సెక్షన్ వచ్చింది, దాని కింద 2021 ఆగస్టులో 167ఏ అనే నియమం తెచ్చారు. ఆ నియమం ప్రకారం కెమెరాకి రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి ఇచ్చిన ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా రెన్యూ చేయించాలి, అక్కడ కెమెరా ఉందని బోర్డు పెట్టాలి, తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. తప్పూ నంబరు ప్లేటూ కనిపించే ఫొటో, తేదీ, టైము, చోటు అన్నీ చూపించాలి. మీకు పన్నెండు రోజులకి వచ్చింది కాబట్టి గడువు విషయంలో అభ్యంతరం లేదు. కానీ ఫొటో తెరిచి చూడండి. ఎర్ర లైటు వెలుగుతుండగా మీ ముందు చక్రాలు గీతకి ఇవతల ఉన్నాయా, అప్పటికే దాటేశాయా? పసుపులోనే గీత దాటి ఉంటే మీరు తప్పు చేయలేదు, డబ్బు కట్టకుండా ఆ చలానా మీద అభ్యంతరం పెట్టండి, అక్కడ తేలకపోతే కోర్టుకి వెళ్లే హక్కుంది. ఇవతలే ఉండి ఉంటే, కట్టేయండి. నొప్పిగానే ఉంటుంది, తెలుసు. ఇంకోమాట, రెడ్‌లైట్ దాటడం 184 సెక్షన్‌లో ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వస్తుంది, మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, జైలు కూడా వేయొచ్చు. వెయ్యి అంటే కనీసమే పడింది.

ప్రశ్న: వెనకాల 108 అంబులెన్స్ హారన్ కొడుతుంటే దారివ్వడానికి స్టాప్ లైన్ దాటాను, చలానా వచ్చింది. దారివ్వకపోతే పదివేలు, ఇస్తే వెయ్యి. ఇదేం న్యాయం? – ఒక గృహిణి, పాలకొల్లు

జవాబు: మీ బాధ న్యాయమైనదేనమ్మా. 194ఈ సెక్షన్ ప్రకారం అంబులెన్స్‌కి దారివ్వకపోతే పదివేలు జరిమానా ఉన్న మాట నిజం. ఆ చలానా కట్టకండి. తేదీ, టైము రాసిపెట్టుకుని అభ్యంతరం పెట్టి, ఒక్క ఫొటో కాదు, మొత్తం వీడియో చూడమని అడగండి, అందులో మీ వెనకాల అంబులెన్స్ కనిపిస్తుంది. మనిషి పోలీసు అక్కడ ఉండి ఉంటే చెయ్యి ఊపి పంపించేవాడు, కెమెరాకి ఆ వివేకం ఉండదు కాబట్టే చలానా పంపే ముందు ఒక మనిషి చూడాలని నా పట్టుదల. అయితే ఈసారి అడ్డ రోడ్డు ట్రాఫిక్‌లోకి మాత్రం దూరిపోకండి, ఎడమ పక్కకి ఒదిగితే చాలు.

ప్రశ్న: రెండేళ్ల కిందట బైక్ అమ్మేశాను. కొన్నవాడు చేసే తప్పులకి నాకు చలానాలు వస్తున్నాయి. – ఒక రైతు, కొత్తపేట

జవాబు: ఆర్సీ మీద ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనర్. అమ్మిన 14 రోజుల్లో మీరు రవాణా ఆఫీసుకి తెలియజేయాలి, డబ్బు తీసుకుని తాళం ఇచ్చేస్తే సరిపోదు. ఇప్పటికైనా అమ్మకపు కాగితంతో వెళ్లి రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి. రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం కేసు కూడా మీ మెడకే చుట్టుకుంటుంది, అది చలానాలకంటే పెద్ద టెన్షన్.

ప్రశ్న: వాట్సాప్‌లో చలానా ఫైల్ వచ్చింది, తెరవమంటోంది. – డిగ్రీ విద్యార్థి, అమలాపురం

జవాబు: తెరవొద్దు. అసలు చలానా ఏపీకే (APK) ఫైల్‌గా, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్‌గా, ఎప్పుడూ రాదు. ప్రభుత్వ సైట్ మీరే టైపు చేసి, బండి నంబరు కొట్టి చూసుకోండి, చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి. ఇప్పటికే తెరిచి డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా సెంటర్లో పసుపు ఎన్ని సెకన్లు పెట్టారో ఎవరినడిగినా చెప్పడం లేదు. – రిటైర్డ్ టీచర్, రావులపాలెం

జవాబు: మాస్టారూ, సమాచార హక్కు చట్టం కింద అడగండి. జిల్లా స్థాయి ఆఫీసుకైతే ఫీజు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫలానా సెంటర్లో ఒక్కో వైపు పసుపు ఎన్ని సెకన్లు, ఆ అంకె ఎవరు, ఏ లెక్కతో పెట్టారు, కెమెరా ఆమోద పత్రం నకలు, రెన్యూ చేసిన తేదీ, కెమెరా నడిపే సంస్థకి డబ్బు నెలవారీగా ఇస్తున్నారా చలానాకి ఇంత అని ఇస్తున్నారా, ఇవి అడగండి. చివరిది తప్పకుండా రాయండి. చలానాల లెక్కన డబ్బు ముడితే పసుపు పెంచమని ఆ సంస్థ ఎందుకు అడుగుతుంది? పైన ఉత్తరం రాసిన రామచంద్రపురం వ్యాపారి గారు కూడా అర్జీకి ముందు ఇదే పని చేస్తే, చేతిలో అంకెలుంటాయి. జవాబు వచ్చాక ఇద్దరూ ఒక కాపీ మాకు పంపండి, ఈ శీర్షికలోనే వేస్తాం.