గొట్టం కొన ఎక్కడ ఉంటుందో అడుగు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వాలీబాల్ ఆడుతూ మూడోసారి భుజం జారిందనీ, వచ్చే నెల చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ ఆపరేషన్ అనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. చేయించుకో. మాటిమాటికీ జారే భుజాన్ని అలాగే వదిలేస్తే కీలు ఇంకా పాడవుతుంది. నిన్ను ఆపడానికి రాయడం లేదు. 2005లో నేను నోరు మూసుకుని ఊరుకున్న చోట నువ్వు నోరు తెరవాలని రాస్తున్నాను.

అప్పుడు నాకు 38 ఏళ్లు. ఇక్కడ ఒహాయోలోనే, నీలాగే జారిన భుజానికి ఆపరేషన్. మెలకువ వచ్చేసరికి నడుముకు ఒక చిన్న సంచి, అందులో బత్తాయి కాయంత రబ్బరు బుడగ, దాని నుంచి భుజంలోకి సన్నని గొట్టం. బుడగ నిండా, తాకిన చోటును మొద్దుబార్చే మత్తుమందు. అది మెల్లగా కుంచించుకుపోతూ రెండు రోజులపాటు మందును బొట్టుబొట్టుగా కీలులోకి వదిలింది. నొప్పన్నదే తెలియలేదు. అమెరికా వైద్యమంటే ఇదీ అని మీ తాతయ్యకు ఫోను చేసి గొప్పలు కూడా చెప్పుకున్నాను.

మూడో నెలలో మొదలైంది. చెయ్యి ఎత్తితే లోపల తిరగలి తిప్పినట్టు గరగర. తగ్గుతూ వచ్చిన నొప్పి కాస్తా తిరగబెట్టింది. పని చేస్తేనే కాదు, ఊరికే కూర్చున్నా, రాత్రి పడుకున్నా అదే నొప్పి. భుజం బిగుసుకుపోయిందన్నారు, వ్యాయామం చాలలేదన్నారు. నేనూ నమ్మి, పళ్ల బిగువున గోడ మీద వేళ్లు పాకించాను. ఎనిమిదో నెలలో తీసిన ఎక్స్‌రేను ఆపరేషన్‌కు ముందుదాని పక్కన కిటికీకి ఆనించి చూస్తే నాకే అర్థమైంది. పాతదానిలో చేతి ఎముక పైకొన బంతికీ, అది కూర్చునే గిన్నెకీ మధ్య నల్లని సందు ఉంది. అది ఖాళీ కాదు, ఎముకల కొనలను కప్పి ఉంచే, ఎక్స్‌రేకు కనపడని నున్నని పొర, అంటే మృదులాస్థి, ఉండే చోటు. కొత్తదానిలో ఆ సందు లేదు. ఎముకను ఎముకే ఒరుసుకుంటోంది.

మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. అందులోని కణాలు చచ్చిపోతే వాటి లోటు మళ్లీ పూడదు. బుపివకెయిన్ లాంటి మత్తుమందులు ఎంత గాఢంగా ఉంటే, ఎంతసేపు తాకి ఉంటే అంతగా ఆ కణాలను చంపుతాయని ప్రయోగశాలల్లో తేలింది. 2009 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలా మృదులాస్థి నాశనమైన 35 కేసులు చూపించి హెచ్చరిక జారీ చేసింది. దాదాపు అన్నీ భుజాలే. 48 నుంచి 72 గంటలపాటు కీలులోకి మందు ఎక్కించినవే. కొందరికి రెండో నెలకే బాధ మొదలైంది, సగం మందికి పైగా మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కారు. నాకు పెట్టిన బుడగలాంటి ఆ పంపులను కీలు లోపల వాడటానికి ఆ సంస్థ అనుమతే ఇవ్వలేదన్న సంగతి అప్పుడు చదివి, కాఫీ కప్పు పక్కన పెట్టేసి చాలాసేపు కూర్చుండిపోయాను.

కాబట్టి డాక్టరుగారిని అడుగు: ఆపరేషన్ తర్వాత నొప్పికి ఏం ఇస్తారు, మందు ఎక్కడికి వెళుతుంది? చెయ్యి మొద్దుబారేలా మెడ దగ్గర నరానికి ఇచ్చే మత్తు, అంటే బ్లాక్, వేరు, అది కీలు బయట. దానికి భయపడకు. బ్లాక్ కోసం కూడా కొన్నిసార్లు ఇలాంటి పంపే తగిలిస్తారు. తేడా అంతా గొట్టం కొన ఎక్కడ ఉందన్నదే. కీలు లోపలే ఉంచుతామంటే వద్దని చెప్పు. మర్యాదగానే, కానీ గట్టిగా.

లోపల కణజాలాన్ని వేడితో కాల్చే పరికరం వాడితే కీలులోని ద్రవం వేడెక్కి మృదులాస్థి చెడే ప్రమాదం ఉంది. నీరు బాగా పారనిస్తూ, ఆపి ఆపి వాడతారా అని అడుగు. గిన్నె అంచున ఉండే లేబ్రమ్ అనే పట్టీని కుట్టడానికి ఎముకలోకి దించే చిన్న మేకులాంటి యాంకరు పైకి పొడుచుకు వచ్చినా బంతిని గీరేస్తుంది. ఈ ప్రశ్నలకు చిరాకుపడే డాక్టరైతే ఇంకొకరిని చూసుకో. మీ అమ్మకు ఈ మాట నచ్చదు, నాకు తెలుసు.

ఆపరేషన్ తర్వాత చేతికి ఆసరాగా మెడకు వేలాడదీసే స్లింగ్ ఎన్ని వారాలంటే అన్ని వారాలు ఉంచు. మొదట్లో నొప్పి మామూలే. బాగవుతూ వచ్చి మళ్లీ పెరిగితే, గరగరమంటే, చెయ్యి బయటి వైపుకు తిరగడం తగ్గిపోతే, ఫిజియోథెరపీ గదిలో పళ్లు బిగించకు. కొత్త ఎక్స్‌రే తీయించి పాతదానితో పోల్చమను. చీము పట్టలేదని కూడా తేల్చమను. భుజంలో చేరే ఒక రకం బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ల్యాబులో రెండు వారాలు చూస్తేగాని బయటపడకపోవచ్చు.

నాకు చివరికి కీలు మార్చారు. అదీ వెంటనే కాదు. చిన్న వయసులో మారిస్తే గిన్నె వైపు అతికించిన ప్లాస్టిక్ వదులవుతుందని ఏళ్ల తరబడి మాత్రలతో నెట్టుకొచ్చాను. ఇప్పటికీ చొక్కా వేసుకోవాలంటే ముందు కుడి చెయ్యి దూర్చి, తర్వాతే ఎడమది.

డిశ్చార్జి కాగితంతో సరిపెట్టుకోక ఆపరేషన్ నోట్సు కూడా అడిగి తీసుకో. ఏ మందు, ఎంత, ఎక్కడ అన్నది అందులో ఉండాలి. అన్నట్టు, నీ ఎక్స్‌రే ఫిల్మును మీ అమ్మ మడతపెట్టి బీరువాలో చీరల కింద దాచిందట. ముడత పడకముందే బయటికి తీసి, కిటికీకి ఆనించి ఫొటో తీసి ఈ రాత్రికే నాకు పంపు.

మీ మామయ్య